తిరగకున్నా తప్పదు ఆయిల్‌ మార్పు

* నిలిచిన వాహనాలకూ కాలపరిమితి
* కిలోమీటర్లతో పాటు నెలలూ లెక్కించాలి
* ట్రాక్టర్లు, జనరేటర్ల విషయంలో నిర్లక్ష్యానికి మూల్యం ఎక్కువ

పల్లెల్లో వాహనాల సంఖ్య పెరిగింది. అయితే అన్ని ఇళ్లలోనూ వాటి వాడకం ఒకే తీరుగా లేదు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడగా, వారు కొనిచ్చిన కారు వృద్ధ దంపతుల ఇంటి వసారాలో కవరు కప్పుకుని ఉంటోంది. నెలకోసారి ఆసుపత్రికో, పెళ్లికో తప్ప కదలడం లేదు. విద్యుత్‌ స్కూటర్‌ వచ్చిన ఇంట్లో పాత పెట్రోలు బండి గోడ వారకు చేరింది. ట్రాక్టరు దమ్ముల కాలంలో రేయింబవళ్లు తిరిగి, మిగతా రోజులు పాకలో విశ్రమిస్తోంది. చెరువు గట్టున ఉన్న జనరేటరు కరెంటు పోయిన నాడే మోగుతోంది. ఇవన్నీ తక్కువగా నడిచే ఇంజిన్లే. వీటి యజమానుల్లో అధికులది ఒకటే మాట. బండి తిరగనే లేదు, ఆయిల్‌ మార్చడం ఎందుకన్నది వారి ప్రశ్న.

వినడానికి సబబుగానే తోచే ఈ ప్రశ్న చివరకు జేబుకు చిల్లు పెడుతోంది. ద్విచక్ర వాహనానికి ఆయిల్‌ మార్పు కొన్ని వందల రూపాయలతో తీరిపోయే పని. అదే బోరు, పిస్టన్‌ దెబ్బతింటే ఖర్చు వేలల్లోకి వెళుతుంది. కారు, ట్రాక్టరు ఇంజిన్లు విప్పాల్సి వస్తే భారం మరెన్నో రెట్లు. తక్కువ తిరిగే బండికి ఆయిల్‌ ఎందుకు మార్చాలో, ఎప్పుడు మార్చాలో తెలుసుకుంటే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఆయిల్‌ చేసే పనులు

ఇంజిన్‌ ఆయిల్‌ అంటే కేవలం జారుడు కోసం పోసే నూనె అని పలువురు భావిస్తారు. అది చేసే పనుల్లో ఇది ఒకటి మాత్రమే. లోహపు భాగాలు ఒకదానితో ఒకటి రాసుకోకుండా మధ్యలో పొరగా నిలుస్తుంది. లోపలి వేడిని మోసుకుపోతుంది. పిస్టన్‌ రింగులకు, సిలిండరు గోడకు నడుమ ఉండే సన్నని సందును పూడ్చి కుదింపు తగ్గకుండా చూస్తుంది. ఇంధనం మండగా మిగిలిన మసిని తనలో కలుపుకొని ఫిల్టరుకు చేరుస్తుంది. తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది.

ఈ పనులన్నీ ఒక్క మూల నూనెతో సాగవు. తయారీలో అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. మసిని కడిగేవి కొన్ని, ఆమ్లాలను విరిచేవి కొన్ని, అరుగుదలను ఆపేవి మరికొన్ని. ఇవి క్రమంగా ఖర్చయిపోయే సరుకు. ఆమ్లాన్ని విరిచే రసాయనం ఆ పనిలోనే తరిగిపోతుంది. గేజిపై ఆయిల్‌ మట్టం సరిగానే కనిపించినా అందులోని సత్తువ సన్నగిల్లి ఉండవచ్చు. యజమానులు పొరపడేది ఇక్కడే.

ఇంజిన్‌ లోపలికి నీరెలా చేరుతుంది?

పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా వెలువడుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఉదయం బండి స్టార్టు చేసినప్పుడు పొగ గొట్టం చివర నీటి చుక్కలు రాలడానికి కారణం ఇదే. ఈ ఆవిరిలో అధికభాగం పొగ గొట్టం ద్వారా పోతుంది. కొంత మాత్రం రింగుల సందుల నుంచి కింద ఉన్న ఆయిల్‌ చాంబరులోకి దిగుతుంది.

ఇంజిన్‌ పూర్తిగా వేడెక్కితే ఆ తేమ తిరిగి ఆవిరై బయటికి పోతుంది. చల్లగా ఉన్నప్పుడే ఆపేస్తే ఆ నీరు ఆయిల్‌లోనే ఉండిపోతుంది. చల్లటి ఇంజిన్‌ స్టార్టు కావడానికి పెట్రోలు పాలు ఎక్కువగా అందుతుంది. అందులో మండని భాగం సిలిండరు గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఫలితంగా ఆయిల్‌ పలచబడుతుంది. నీరు, మసి, మండని ఇంధనం కలిసి కాలక్రమంలో ఆమ్లాలుగా, జిగట మడ్డిగా మారతాయి. ఆ మడ్డి సన్నని ఆయిల్‌ దారులను మూసివేస్తుంది. ఆమ్లాలు బేరింగుల పైపొరను తినేస్తాయి. బండి కదలకుండా నిలబడి ఉన్నా ఈ తినివేత ఆగదు.

కోస్తా డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. పగటి వేడికి, రాత్రి చలికి నిలిచిన ఇంజిన్‌ లోపలి గోడలపై చెమ్మ పడుతుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలిపే లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకుంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. కాబట్టి నెలల తరబడి టాంకులో నిలిచే ఇంధనం గురించి కూడా జాగ్రత్త పడాలి.

వెయ్యి కిలోమీటర్లు... రెండు లెక్కలు

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి నుంచి పాఠశాలకు 2 కిలోమీటర్ల దూరం. ఉపాధ్యాయుడు రోజూ బండిపై వెళ్లి వస్తారు. రోజుకు 4 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 250 పనిదినాలకు 1,000 కిలోమీటర్లు తిరిగినట్లు లెక్క. ఇందుకోసం ఇంజిన్‌ను 500 సార్లు చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేశారు. ప్రతిసారీ నాలుగైదు నిమిషాలకే ఆపేశారు. ఆయిల్‌ పూర్తిగా వేడెక్కిన రోజు ఒక్కటీ లేదు.

మరొకరు అదే బండిపై ఏడాదిలో ఐదుసార్లు 200 కిలోమీటర్ల ప్రయాణం చేశారు. ఆయన తిరిగిందీ 1,000 కిలోమీటర్లే. అయితే చల్లటి స్టార్టులు పది మించవు. ప్రతి ప్రయాణంలోనూ ఇంజిన్‌ గంటల తరబడి వేడిగా ఉండి, లోపలి తేమను తరిమేసింది.

మీటరుపై ఇద్దరి రీడింగు ఒక్కటే. ఆయిల్‌ స్థితి ఒక్కటి కాదు. మొదటి బండి ఆయిలే ఎక్కువగా చెడుతుంది. అందుకే పొట్టి ప్రయాణాలు, దుమ్ము దారులు, ఆగి ఉండి ఎక్కువసేపు ఇంజిన్‌ నడపడం వంటివాటిని తయారీ సంస్థలు కఠిన వినియోగంగా పరిగణిస్తాయి. అటువంటి వాహనాలకు గడువు కంటే ముందుగానే ఆయిల్‌ మార్చాలని సూచిస్తాయి. కారులో ఇంజిన్‌ నీరు వేడెక్కినట్లు మీటరు చూపినా ఆయిల్‌ వేడెక్కడానికి మరికొంత సమయం పడుతుంది. అందువల్ల పక్క వీధికి కారులో వెళ్లి రావడం దానికి మేలు చేయదు.

పుస్తకంలో రెండు గడువులు

వాహనంతో పాటు ఇచ్చే చేతి పుస్తకాన్ని చదివేవారు అరుదు. అందులో ఆయిల్‌ మార్పునకు రెండు గడువులు ఉంటాయి. ఒకటి కిలోమీటర్లలో, రెండోది నెలల్లో. ఏది ముందు వస్తే అది పాటించాలన్నది నియమం. మన రోడ్లపై తిరిగే చాలా పెట్రోలు కార్లకు ఇది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది. ద్విచక్ర వాహనాలకు ఒక్కో నమూనాకు ఒక్కో గడువు ఉంటుంది. పక్కింటి వారి బండి లెక్క మనకు పనికిరాదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్‌ మొదలై వాహనాలు నిలిచిపోయినప్పుడు పలు సంస్థలు వారంటీ, ఉచిత సర్వీసుల గడువును పొడిగించాయి. కిలోమీటర్లే లెక్క అయితే కదలని బండికి గడువు పొడిగించాల్సిన పనేముంది? తేదీ కూడా లెక్కలో ఉంది కాబట్టే ఆ అవసరం ఏర్పడింది. వారంటీ ఉన్న వాహనానికి ఏడాది దాటినా సర్వీసింగు చేయించకపోతే, ఇంజిన్‌లో లోపం తలెత్తిన నాడు పరిహారం అడిగే హక్కు చిక్కుల్లో పడుతుంది.

డీజిల్‌ కార్లకు కొత్త చిక్కు

2020 ఏప్రిల్‌ 1 నుంచి భారత్‌ స్టేజ్‌-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. డీజిల్‌ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత అమర్చారు. మసి నిండినప్పుడు ఇంజిన్‌ అదనంగా డీజిల్‌ చిమ్మి, ఆ వేడితో దాన్ని కాల్చివేస్తుంది. ఇందుకు బండి కొంతసేపు ఆగకుండా వేగంగా సాగాలి. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఈ పని మధ్యలో నిలిచిపోతుంది. మండని డీజిల్‌ ఆయిల్‌లోకి దిగుతుంది. గేజిపై ఆయిల్‌ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. దీన్ని చూసి సంతోషించరాదు. మట్టం పై గీత దాటితే వెంటనే సర్వీసు కేంద్రాన్ని సంప్రదించాలి. ఈ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్‌నే వాడాలి.

ట్రాక్టరుకు గంటల లెక్క

ట్రాక్టరుకు కిలోమీటర్లతో పని లేదు. అవర్‌ మీటరే ప్రమాణం. చాలా నమూనాలకు 250 గంటలకోసారి ఆయిల్‌ మార్చాలని చెబుతారు. కిరాయిలకు తిరిగే ట్రాక్టరు ఒక్క సీజనులోనే ఈ లెక్క దాటేస్తుంది. సొంత పొలానికే పరిమితమైన రైతు పరిస్థితి వేరు. ఏడాదికి 80 గంటలు నడిపితే 250 గంటలు నిండటానికి మూడేళ్లు పడుతుంది. గంటలు నిండలేదని అన్నేళ్లు అదే ఆయిల్‌తో నెట్టుకురావడం తగదు. ఏడాదికోసారి మార్చి తీరాలి.

ఇక్కడ మరో మెలకువ ఉంది. రైతులు సాధారణంగా దమ్ములు మొదలయ్యే ముందు ట్రాక్టరును షెడ్డుకు తీసుకెళ్లి ఆయిల్‌ మార్పిస్తారు. అప్పటికే మసి, ఆమ్లాలు నిండిన పాత ఆయిల్‌ ఇంజిన్‌లో నెలల పాటు నిలిచి చేయాల్సిన హాని చేసేస్తుంది. సీజను చివరి పని ముగిసిన వెంటనే, ట్రాక్టరును పాకలో నిలిపే ముందే ఆయిల్‌, ఫిల్టరు మార్చడం మేలు. ఖర్చు ఎప్పుడు పెట్టినా అంతే. ముందుగా పెడితే ఇంజిన్‌ శుభ్రమైన ఆయిల్‌లో విశ్రమిస్తుంది. మార్చిన తరువాత అయిదు నిమిషాలు నడిపితే కొత్త ఆయిల్‌ అన్ని భాగాలకూ చేరి పొరగా నిలుస్తుంది.

పాత నమూనా ట్రాక్టర్లలో, డీజిల్‌ ఇంజిన్లలో గాలిని వడకట్టే గిన్నెలోనూ ఆయిల్‌ ఉంటుంది. దమ్ము వేళ కంటే నూర్పిళ్ల వేళ ఇందులో దుమ్ము, పొట్టు ఎక్కువగా చేరుతుంది. అడుగున మట్టి పేరుకుంటే దాన్ని తీసి కడిగి కొత్త ఆయిల్‌ పోయాలి. ఈ గిన్నెను మరచినవారు ఇంజిన్‌ ఆయిల్‌ ఎంత తరచుగా మార్చినా బోరు అరుగుదల ఆగదు.

చెరువు గట్టున ప్రాణాధారం

ఏలూరు జిల్లా కైకలూరు, పశ్చిమగోదావరి జిల్లా భీమవరం ప్రాంతాల ఆక్వా రైతులకు జనరేటరు అత్యవసర సాధనం. రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటరు వెంటనే అందుకోవాలి. అది మొరాయిస్తే గంటల్లోనే పంట మొత్తం చేజారుతుంది. లక్షల పెట్టుబడి ఒక్క రాత్రిలో నీటిపాలవుతుంది.

తక్కువగా నడిచే జనరేటరుకు కూడా ఏడాదికోసారి ఆయిల్‌, ఫిల్టర్లు మార్చాలి. తయారీ సంస్థ అంతకంటే ముందు గడువు చెబితే దానినే పాటించాలి. చెరువు గట్టుపై ఉప్పు గాలి, తేమ ఎక్కువ కాబట్టి ఇందులో వాయిదా పనికిరాదు. నెలకోసారి అరగంటైనా నడిపి చూడాలి. ఊరికే నడిపితే ప్రయోజనం లేదు. ఏరియేటర్లు కలిపి భారం మోయించాలి. భారం లేకుండా నడిచే డీజిల్‌ ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండక, పొగ గొట్టంలో తడి మసి పేరుకుంటుంది. ఆయిల్‌ మార్చిన తేదీ, అవర్‌ మీటరు రీడింగు జనరేటరు తలుపు లోపల రాసి ఉంచితే కాపలాదారు మారినా లెక్క తప్పదు.

అపోహలు - వాస్తవాలు

నల్లబడితేనే మార్చాలి: రంగును బట్టి తీర్పు చెప్పలేం. డీజిల్‌ ఇంజిన్‌లో కొత్త ఆయిల్‌ కూడా త్వరగానే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకోవడం దాని పని. తేరుకున్నట్లు కనిపించే ఆయిల్‌లో రసాయనాలు ఖర్చయిపోయి ఉండవచ్చు. రంగు కంటే ఇతర గుర్తులు ముఖ్యం. మూత లోపల పాలమీగడ వంటి తెల్లటి జిగురు కనిపిస్తే తేమ చేరిందని అర్థం. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంధనం కలిసిందని తెలుసుకోవాలి. ఆయిల్‌ మొత్తం పాలరంగులోకి మారితే అది ఆయిల్‌ మార్పుతో తీరే సమస్య కాదు. ఇంజిన్‌లోకి బయటి నీరు వస్తోందేమో మెకానిక్‌తో చూపించుకోవాలి.

రోజూ అయిదు నిమిషాలు స్టార్టు చేస్తే చాలు: ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్‌ వేడెక్కదు, తేమ పోదు. స్టార్టు చేయడానికి ఖర్చయిన చార్జింగు కూడా బ్యాటరీకి తిరిగి చేరదు. పక్షానికోసారి అరగంట రోడ్డుపై నడపడం సరైన పద్ధతి. మూసిన షెడ్డులో ఇంజిన్‌ నడపరాదు. పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది ప్రాణాంతకం.

తగ్గినంత పోస్తే చాలు: మట్టం తగ్గినప్పుడు పోయడం తప్పనిసరే. అయితే పాత మడ్డి, ఆమ్లాలు అలాగే ఉంటాయి. కుండలోని పాత నీటిపై కొత్త నీరు పోసినట్లే అవుతుంది.

సింథటిక్‌ ఆయిల్‌ అయితే ఎన్నేళ్లయినా ఉంటుంది: ఈ రకం వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది, నెమ్మదిగా చెడుతుంది. అయినా దానిలో చేరే నీరు, ఇంధనం మాత్రం తగ్గవు. పుస్తకంలోని నెలల గడువు దీనికీ వర్తిస్తుంది.

ఏ ఆయిల్‌ కొనాలి?

డబ్బాపై 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనాన్ని, రెండోది వేడెక్కినప్పటి చిక్కదనాన్ని సూచిస్తాయి. చిక్కగా ఉంటే మంచిదనే భావన సరికాదు. కొత్త ఇంజిన్లలో ఆయిల్‌ దారులు సన్నగా ఉంటాయి. చిక్కటి ఆయిల్‌ స్టార్టు చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు త్వరగా చేరదు. తరచూ నిలిచే బండికి అసలు అరుగుదల జరిగేది ఆ క్షణాల్లోనే.

గేర్లున్న మోటారు సైకిళ్లలో క్లచ్‌ ప్లేట్లు కూడా ఇంజిన్‌ ఆయిల్‌లోనే తడుస్తుంటాయి. వీటికి డబ్బాపై జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూసి కొనాలి. కారు కోసం తెచ్చి మిగిలిన ఆయిల్‌ బండిలో పోస్తే క్లచ్‌ జారే ప్రమాదం ఉంది. గేర్లు లేని స్కూటర్లకు వెనుక చక్రం వద్ద గేర్‌ ఆయిల్‌ విడిగా ఉంటుంది. దాని గడువు వేరు.

నమ్మకమైన దుకాణంలోనే సీలు డబ్బా కొని బిల్లు తీసుకోవాలి. తక్కువ ధరకు విడిగా అమ్మే ఆయిల్‌ జోలికి పోరాదు. ఖాళీ డబ్బాకు కన్నం పెట్టి పారేస్తే, దానిలో నకిలీ సరుకు నింపి తిరిగి అమ్మే వీలుండదు.

అనవసరంగా మార్చడమూ వృథాయే. పుస్తకంలో ఉన్న గడువు దాటకముందే, నిలిచిన బండి అన్న సాకుతో మూడు నెలలకోసారి మార్చమనే మాట వినాల్సిన పని లేదు. సాధారణ వినియోగమైతే ఏడాదికోసారి, పొట్టి ప్రయాణాలే ఎక్కువైతే ఆరు నెలలకోసారి మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది. పుస్తకంలో అంతకంటే తక్కువ గడువు ఉంటే అదే పాటించాలి.

మార్చేటప్పుడు పాటించాల్సినవి

* ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆయిల్‌ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. మడ్డి కూడా దానితో పాటు దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి.
* ఫిల్టరు ఉన్న ఇంజిన్లకు ఆయిల్‌తో పాటు దాన్నీ మార్చాలి. డ్రెయిన్‌ బోల్టు వాషరు పాతదైతే కొత్తది వేయాలి.
* వాహనాన్ని సమతలంపై నిలిపి, కొన్ని నిమిషాలు ఆగి గేజి చూడాలి. మట్టం రెండు గీతల నడుమ ఉండాలి. ఎక్కువ పోయడమూ హానికరమే.
* చాలా నెలల తరువాత బండి తీసేటప్పుడు ముందుగా ఎలుకలు తీగలు కొరికాయేమో, ఎయిర్‌ ఫిల్టరులో గూడు కట్టాయేమో చూడాలి. స్టార్టు చేసిన వెంటనే ఎక్సలేటరు రెట్టించరాదు. ఆయిల్‌ దీపం ఆరి, ఇంజిన్‌ కుదుటపడ్డాకే కదలాలి.
* బ్రేక్‌ ఆయిల్‌ కూడా తేమను పీల్చుకుంటుంది. కిలోమీటర్లతో సంబంధం లేకుండా గడువు ప్రకారం దాన్నీ మార్పించాలి.

పాత ఆయిల్‌ కాలువలో పోయవద్దు

దించిన ఆయిల్‌ను పంట కాలువలోనో, చెరువు గట్టునో పారబోయడం పల్లెల్లో కనిపిస్తుంది. పిడకలపై పోసి కాల్చేవారూ ఉన్నారు. ఒక్క కారు నుంచి దించిన ఆయిల్‌ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. మన దేశంలోనూ వాడిన ఆయిల్‌ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. దాన్ని సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచే నిబంధనలు 2024 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంటి వద్ద ఆయిల్‌ మార్చుకునేవారు దాన్ని మూత ఉన్న డబ్బాలో నింపి సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

దసరా గుర్తు

తక్కువ తిరిగే బండికి మీటరు గుర్తు చేయదు. తేదీయే గుర్తు చేయాలి. అందుకు పండుగను మించిన గుర్తు లేదు. విజయదశమికి ఆయుధపూజ పేరిట ప్రతి ఇంటా వాహనాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం ఆనవాయితీ. వానలు వెనుకబట్టే సమయం అది. పూజకు ముందే ఆయిల్‌ మార్పించి, తేదీ, రీడింగు రాసిన చీటీని సీటు కింద అతికిస్తే ఏడాదికి సరిపడా లెక్క కుదిరినట్లే. ఆరు నెలలకోసారి మార్చాల్సిన వారికి రెండో గడువు ఉగాది నాటికి వస్తుంది.